మిరపకాయ గొంతు

ఆ మేడకి వెనకవైపు, మెట్ల కింద నుంచి పోయే సన్నటి నడవా చివర ఒక గది ఉంది. తలుపు మీద ఎర్రబల్బు. బల్బు కింద 'నిశ్శబ్దం' అని రాసిన రేకు. ఆ రేకు మీది మాట మేడంతా పాటిస్తుంది గాని ఆ గది ఒక్కటే పాటించదని అక్కడ పనిచేసేవాళ్లు అంటారు.

పగలు చూస్తే ఏమీ లేదు. విరిగిన కుర్చీలు, తిరగని ఫ్యాన్లు, ఎవరికీ అక్కర్లేని ఒక ఇనప బీరువా. కానీ చీకటి పడ్డాక అటు వెళ్లి ఒక కుర్చీ తెమ్మని చెప్పి చూడండి. ఒకడికి మోకాళ్ల నొప్పి, ఇంకొకడికి అప్పుడే ఇంటినుంచి ఫోను. గదులు ఊడ్చే ఆవిడైతే మొహం మీదే చెప్పేసింది — జీతం కోసుకోండి గాని ఆ నడవాలోకి నన్ను పంపకండి అని.

ఎందుకంటే... ఆ గదిలోంచి గొంతు వినిపిస్తుంది.

ఏడుపు కాదు, గజ్జెల చప్పుడూ కాదు. మగ గొంతు. తిట్టే గొంతు. "ముందు మీ రేడియో కట్టేయండి! కట్టేసి మాట్లాడండి!" అని గద్దిస్తుంది. కాసేపు ఆగుతుంది. అవతలనుంచి ఎవరో గొణిగినట్టు ఇంకో మాట. మళ్లీ గద్దింపు.

దెయ్యాల్లో ఇలాంటి దెయ్యాన్ని ఎవరూ ఎరగరు. ఒకటి జుట్టు విరబోసుకుంటుంది, ఒకటి పేరు పెట్టి పిలుస్తుంది, ఇంకా పనీపాటా లేనిదైతే రాళ్లు విసురుతుంది. ఇదేమో కూర్చుని వాదన పెట్టుకుంటుంది! పైగా గెలిచేదాకా వదలదట.

విన్నది విన్నట్టు చెప్పాలంటే ముందు మిరపకాయ సంగతి చెప్పాలి.

ఆ మేడలోనే రేడియో ఉండేది, ఇప్పటికీ పైఅంతస్తులో ఉంది. ఒకప్పుడు రాత్రి భోజనాల వేళకి అందులో 'మొహమాటం లేదు' అని ఒక కార్యక్రమం వచ్చేది. కింద ఆ గదే స్టూడియో. జనం ఫోన్లు చేసేవాళ్లు, లోపల కూర్చున్న ఒకాయన జవాబు చెప్పేవాడు. జవాబంటే జవాబు కాదు, ఉతికి ఆరెయ్యడం. అందుకే ఊరు ఆయన అసలు పేరు మర్చిపోయి మిరపకాయ అని పెట్టుకుంది.

"మా కోడలు నన్ను సరిగ్గా చూడట్లేదండీ" అని ఒకావిడ మొదలుపెడితే, "మీ అత్తగారిని మీరెలా చూశారమ్మా?" అని అడిగేవాడు. ఆవిడ నోరు తెరిచేలోపు ఫోను కట్! జనం తిట్టుకుంటూ వినేవాళ్లు. నిజం చెప్పొద్దూ, తిట్టుకోవడానికే వినేవాళ్లు.

ఇక 'ఆ ఏడాది'. ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా "ఆ ఏడాది" అన్నారంటే ఏ ఏడాదో అడగక్కర్లేదు. బస్సు డ్రైవర్లు సమ్మె కట్టిన ఏడాది. నెలల తరబడి బస్సు కదల్లేదు. మిరపకాయ ముందు డ్రైవర్లని ఉతికాడు. యాజమాన్యం చప్పట్లు కొట్టింది. తర్వాత యాజమాన్యాన్ని ఉతికాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగితే ఆయన మిరపకాయ ఎందుకవుతాడు? ఎవరి పక్షమూ తేల్చుకోకుండా ఇంట్లో కూర్చుని తమాషా చూస్తున్న జనం మీద పడ్డాడు. "అసలు దొంగలు మీరు" అన్నాడు. అంతే, నెలల తరబడి ఒక్కటి కానివాళ్లంతా ఆ రాత్రి ఒక్కటయ్యారు.

దిష్టిబొమ్మలు తగలబెట్టారు. మేడ కింది అంతస్తు అద్దాలన్నీ పగిలాయి. ప్రకటనలిచ్చే సబ్బుల కంపెనీ ఇక ఇవ్వనంది. మంగలి షాపులో ఆయన కుర్చీలో కూర్చోగానే, "ఇవాళ కత్తికి పదును లేదండీ, వెళ్లండి" అన్నాడు ఆ షాపతను. ఆ మాటలో బెదిరింపు ఉందో మర్యాద ఉందో ఆయనకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. స్టూడియో గుమ్మంలో ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టారు. ఆ కానిస్టేబులు మొదటిరోజే లోపలికొచ్చి, "సార్, మా బావ డ్రైవరండీ. మీరన్నది చాలా తప్పండీ" అని చెప్పేసి, మళ్లీ బుద్ధిగా వెళ్లి కాపలా కూర్చున్నాడు.

అంతమంది ఫోను కట్ చేసిన మిరపకాయ ఒక్కరి ఫోను మాత్రం ఎప్పుడూ కట్ చెయ్యలేదు. రోజూ చేసేవాడొకడు ఉండేవాడు. ఈయన సమ్మె తప్పంటే ఒప్పనేవాడు, ఒప్పంటే తప్పనేవాడు. వాడికి ఎదురువాదం అని మిరపకాయే పేరు పెట్టాడు.

"ఏమయ్యా ఎదురువాదం, వచ్చావా?"

"రాక చస్తానా మిరపకాయగారూ! మీరు తప్పు మాట్లాడటం మానితే కదా."

ఇలా మొదలయ్యేది. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. చూసుకోవాలని ఇద్దరికీ తోచనూ లేదు.

ఏడాది చివర్లో రేడియో యజమానులకి భయం పట్టుకుంది. ఒక రాత్రి కార్యక్రమం మధ్యలో, పైనుంచి ప్రసారం ఆపించేశారు. లోపల ఉన్న మనిషికి మాత్రం చెప్పలేదు. చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోనులో ఆయన గొంతు ఆయనకి ఖంగుమని వినిపిస్తూనే ఉంది. అది గదిలో తిరుగుతున్న గొంతే గాని బయటికి పోతున్న గొంతు కాదు. అవతల లైన్లో ఉన్న ఎదురువాదానికైనా తెలిసిందా అంటే... ఎలా తెలుస్తుంది? ఫోనులో రేడియో మోత రాకుండా ముందు రేడియో కట్టేయండని అందరికీ నూరిపోసింది ఈయనే కదా! బుద్ధిమంతుడు, కట్టేసుకుని కూర్చున్నాడు.

ఊళ్లో రేడియోలన్నీ మూగబోయాయి. ఇక్కడ వీళ్లిద్దరూ ఊరంతా వింటోందనుకుని హోరాహోరీగా వాదించుకుంటున్నారు. వాదన ఇంకా కొలిక్కి రాలేదు, ఎవరో తలుపు తీసి, "ఇక చాలు సార్... ఇందాకే ఆపేశాం" అన్నారు.

ఆ మాటలు బయటికి పోలేదు. బయటికి పోని మాట ఎక్కడికి పోతుంది? ఆ గదిలోనే ఉండిపోయింది. ఆ మేడలో వాళ్లు చెప్పే లెక్క ఇదీ.

సరే. ఏళ్లు గడిచాయి. మిరపకాయ ముసలివాడయ్యాడు. భార్య పోయింది. తర్వాత గొంతులో ఏదో పుండు లేచింది. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది, మాట మాత్రం గాలైపోయింది. ఏం మాట్లాడినా పెదవుల దగ్గర గుసగుస తప్ప ఇంకేమీ రాదు. పక్కన చెవి పెట్టి వింటే అర్థమవుతుంది. పక్కన చెవి పెట్టేవాళ్లెవరు?

ఫోను చేస్తే మరీ అన్యాయం. గ్యాసు వాళ్లకి చేస్తాడు, "హలో... హలో..." అంటారు, ఈయన ఊపిరంతా బిగపట్టి గుసగుసలాడతాడు. అవతల ఆడమనిషయితే, "సిగ్గులేదూ, ఈ వయసులో ఊపిరి శబ్దాలేమిటి?" అని తిట్టి పెట్టేస్తుంది. మగాడయితే తిట్టకుండా పెట్టేస్తాడు. వారం వారం మాట్లాడే చెల్లెలు కూడా, "అన్నయ్యా, నాకేం వినపడట్లేదు, నువ్వు బాగానే ఉన్నావనుకుంటా" అని తనే అడిగి తనే జవాబు చెప్పుకుని పెట్టేసేది. తర్వాత ఆ ఫోనూ తగ్గింది. రోజుల తరబడి ఆయన ఇంట్లో కుళాయి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో రేడియో నుంచి కబురొచ్చింది. 'ఆ ఏడాది' మీద ఒక గంట కార్యక్రమం చేస్తున్నాం, ఒకసారి రండి అని.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని సాయంత్రం వెళ్లాడు. కార్యక్రమం తయారుచేస్తున్న అమ్మాయి మంచిదే. కుర్చీ వేసింది, టీ ఇప్పించింది. వినడానికి ముందుకు వంగింది కూడా.

"ఒక చిక్కొచ్చింది సార్. మీ గొంతు రికార్డింగు ఒక్కటీ దొరకలేదు."

"ఒక్కటి... కూడా?" అన్నాడాయన.

"అప్పట్లో టేపులకి కరువట కదా సార్. ఇవాళ రికార్డు చేసినదాని మీదే రేపటిదీ ఎక్కించేవారట. ఆఖరికి వాటన్నిటి మీదా పాటలు ఎక్కించేశారు. మీరేం బాధపడకండి, మిమిక్రీ చేసే ఆయన్ని పెట్టాం. మీరు విని, ఇలాగే ఉండేదో లేదో చెబితే చాలు."

ఫోనులో వినిపించింది. ఎవడో వీధి నాటకంలో రాక్షసుడిలా అరుస్తున్నాడు. ఆయనకి ఒళ్లు మండిపోయింది. కాదు కాదని చెయ్యి ఊపాడు.

"మరెలా ఉండేది సార్?"

చెప్పబోయాడు. నోరు తెరిచాడు. లోపల వెతుక్కున్నాడు... తన గొంతు ఎలా ఉండేదో తనకే గుర్తురాలేదు.

అన్న మాటలన్నీ గుర్తున్నాయి. ఏ రోజు ఎవరిని ఏమన్నాడో వరసపెట్టి చెప్పగలడు. అన్న గొంతు మాత్రం లేదు. లావుగా ఉండేదా, కీచుగా ఉండేదా? భార్య బతికుంటే చెప్పేది. ఆ టేపుల మీద ఎవరో పాటలు ఎక్కించినట్టే తన బుర్రలో కూడా ఏళ్ల మౌనం ఎక్కి కూర్చుంది. ఆయన టీ అక్కడే వదిలేసి లేచాడు. ఒక్కసారి వినాలి. చచ్చేలోపు ఒక్కసారి ఆ గొంతు వినకపోతే తను బతికినట్టే కాదని ఆయనకి అనిపించింది. మెట్లు దిగుతుంటే కళ్లనీళ్లు తిరిగాయి.

మెట్ల కింద వాచ్‌మన్ ఉన్నాడు. కొత్తవాడు, ఈయన్ని ఎరగడు. ఈయన కాళ్లు పాత అలవాటు కొద్దీ నడవా వైపు తిరిగేసరికి గబుక్కున లేచాడు.

"అటు కాదు పెద్దాయనా, గేటు ఇటు. అటు వెళ్లకండి... చీకటిపడింది."

ఎందుకన్నట్టు చూశాడాయన.

వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "అక్కడ మిరపకాయ ఉన్నాడండీ."

"ఎవరూ?"

"మీరెరగరా? రేడియోలో తిట్టేవాడు కదా, ఆయన. పోయాడు పాపం. గొంతులో పుండు లేచి పోయాడు. పోతూపోతూ గొంతు ఇక్కడే వదిలేసిపోయాడు. ఒక్క రాత్రీ ఖాళీ లేదు, చీకటిపడితే వాగుడే."

"పోయాడా?"

"ఎప్పుడో! మా బావమరిది అంత్యక్రియలకి కూడా వెళ్లొచ్చాడు. జనమే లేరట. ఉంటారా మరి, ఆ నోటికి?"

వెనకటి మిరపకాయ అయితే ఆ వాచ్‌మన్‌నీ, వాడి బావమరిదినీ కలిపి ఒకే వాయి వాయించి ఉండేవాడు. ఈ మిరపకాయ గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి దగ్గరగా వచ్చి అడిగాడు.

"ఎలా... ఉంటుంది ఆ గొంతు?"

వాచ్‌మన్ ఆలోచించాడు. "ఎలా ఉంటుందంటే... వింటే ఒళ్లు మండుతుందండీ. కానీ అక్కణ్నించి కదలబుద్ధి కాదు."

కళ్లజోడు పైన మర్చిపోయానని సైగ చేసి మళ్లీ మెట్లెక్కాడు ఆయన. వాచ్‌మన్ గేటు దగ్గరికి పోయాక, గోడవారగా దిగి నడవాలోకి తప్పుకున్నాడు.

నడవాలో దీపం లేదు. తడుముకుంటూ పోయాడు. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపలినుంచి బూజు వాసన, ఎలకల వాసన. గోడలకి అంటించిన మెత్తలన్నీ ఊడి వేలాడుతున్నాయి. అందుకే కాబోలు లోపలి చప్పుడు బయటికి వస్తోంది. ఆయన మూల ఒక పెట్టె మీద కూర్చున్నాడు. ఎదురుగా, చీకట్లో చీకటిగా, తన బల్ల.

అప్పుడు పట్టుకుంది భయం.

ఏమిటి తను చేస్తున్నది? దేనికోసం కూర్చున్నాడు? తన దెయ్యం కోసమా? బతికున్నవాడికి దెయ్యం ఉంటుందా? లేక ఆ వాచ్‌మన్ బావమరిది చెప్పిందే నిజమా... పోయినవాడికి తను పోయినట్టు తెలుస్తుందా? ఫోను చేస్తే ఎవరికీ వినపడదు. ఎదురుపడితే ఎవరూ గుర్తుపట్టరు. బతికుండటం అంటే ఇదేనా? ఆయన తన చెయ్యి తనే గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది. అయినా నమ్మకం కుదరలేదు.

ఎంతసేపయిందో...

టక్.

లోపలివైపు గోడలో ఏదో గడియ తీసిన చప్పుడు.

అడుగులు. మెల్లగా, తొందర లేకుండా... ఈ చీకట్లో ఒక్క సామానుకీ తగలకుండా నడిచొస్తున్న అడుగులు. కుర్చీ లాగిన చప్పుడు. ఎవరో కూర్చున్నారు. ఊపిరి వినిపిస్తోంది.

ఆయన తన ఊపిరి బిగపట్టాడు.

అప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏమయ్యా ఎదురువాదం, వచ్చావా?"

అదే. అదే గొంతు. లావూ కాదు, కీచూ కాదు. మాట చివర కాస్త పైకి లాగి వదిలేసే గొంతు. అలా లాగుతానని ఇన్నేళ్లలో ఆయనకే తెలియదు. ఇప్పుడు వింటుంటే... అయ్యో, నేనే కదా, నేనే కదా అని లోపలినుంచి ఏదో తన్నుకొచ్చింది.

"రాక చస్తానా మిరపకాయగారూ" అంది రెండో గొంతు. ముసలిదైంది గాని ఎదురువాదమే.

"సమ్మె ముగిసి ఇన్నేళ్లయింది. ఇంకా అదే పట్టుకు వేలాడతావేమయ్యా?"

"తేలలేదు కదండీ. ఇంట్లో కూర్చున్నవాళ్లు దొంగలన్నారు. బయటికొచ్చి ఏం చెయ్యాలో తెలియనివాడు ఇంట్లో కాక ఎక్కడ కూర్చుంటాడు?"

"తెలియకపోతే తెలుసుకోవాలి!"

"ఎవర్ని అడిగి? మిమ్మల్నడిగితే ఫోను కట్ చేస్తిరి!"

"నీది ఎప్పుడైనా కట్ చేశానా?"

"...లేదండీ" అంది రెండో గొంతు, కాస్త మెత్తగా. "అది మాత్రం ఒప్పుకోవాలి."

మూల కూర్చున్న మనిషి బుగ్గల మీద నీళ్లు కారిపోతున్నాయి. చప్పుడు చెయ్యడానికి ఆయనకి గొంతు లేదు కాబట్టి ఏడుపు కూడా చప్పుడు లేకుండానే సాగింది. ఇంకా దగ్గరగా వినాలని ముందుకు జరిగాడు. కాలు తగిలి ఫ్యాను రెక్క ఒకటి దబ్బున పడింది.

మాటలు ఆగిపోయాయి.

"ఎవరది?" అంది ఎదురువాదం గొంతు.

ఆయన జేబులోంచి ఫోను తీసి దీపం వెలిగించాడు.

బల్లకి ఇవతల ఒక ముసలాయన. నల్లకళ్లద్దాలు. ఒళ్లో తెల్లకర్ర. మెడలో ఆ మేడ వాళ్లిచ్చిన కార్డు. ఫోన్ ఆపరేటరు. వెలుగు మొహాన పడినా తల తిప్పలేదు. బల్లకి అవతల మైకు దగ్గర కుర్చీ... ఖాళీ.

మనిషి ఒక్కడే.

ఓస్, ఇదా సంగతి! ఎదురువాదమంటే ఈ ఆపరేటరే. ఆయనకి అంతా తేటతెల్లమైపోయింది. చూపులేని మనిషికి చీకటేమిటి, దీపమేమిటి? వెనక గోడకి ఆనుకుని ఫోన్ ఆపరేటరు గది ఉండేది, మధ్యలో చిన్న తలుపు. డ్యూటీ దిగాక తలుపు తీసుకుని ఇటు వస్తున్నాడు. ఇంటికెళ్లినా పలకరించేవాళ్లు ఉండి ఉండరు. ఆ ఏడాది తప్ప ఆయన మాట కూడా ఇంకెవరూ విని ఉండరు. అందుకే ఇక్కడ కూర్చుని తన మాటా తనే, మిరపకాయ మాటా తనే మాట్లాడుకుంటున్నాడు. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒంటరి మనిషి ఒకడు పాత తగువు తోడు తెచ్చుకుని కాలక్షేపం చేస్తున్నాడు.

ఆయనకి ఆ ఆపరేటరు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"భయపడకు. నేను... మిరపకాయని."

ఆపరేటరు తల ఒక పక్కకి వంచి విన్నాడు. చిన్నగా నవ్వాడు. "బాగుందండీ పరాచికం. మిరపకాయగారి గొంతు నాకు తెలీదూ?"

"ఆపరేషనయింది. గొంతు పోయింది." ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాడు. "ఎంత బాగా చేస్తున్నావయ్యా నా గొంతు! నేనే మర్చిపోయాను. ఇంకొక్కసారి... ఒక్క మాట అను. నీకు పుణ్యముంటుంది."

ఆపరేటరు నవ్వు ఆగిపోయింది.

"నేను చెయ్యడమేమిటండీ? నాకు మిమిక్రీలూ గిమిక్రీలూ ఏం రావు. నా మాటలేవో నేను మాట్లాడుకుంటాను, అంతే. ఆయన మాటలు ఆయన మాట్లాడతారు."

"ఆయన...?"

"ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటివారమే గోడ అవతలనుంచి పిలిచారు. ఏమయ్యా ఎదురువాదం అని. తలుపు తీసుకుని వచ్చాను. అప్పట్నించీ ఇదే కథ. ఆయన పోయారని జనమంటే నవ్వుకుంటాను. రోజూ నా ఎదురుగా కూర్చుని నన్ను తిడుతున్న మనిషి పోవడమేమిటని." ఆపరేటరు చెయ్యి మెల్లగా పైకొచ్చి, తన భుజం మీది చేతిని తడిమింది. మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు చల్లబడిపోతున్నాయి. "మీరు మిరపకాయగారైతే... ఇన్నాళ్లూ నాతో మాట్లాడుతున్నదెవరండీ?"

ఫోను దీపం ఖాళీ కుర్చీ మీద పడుతోంది. వెలుగులో దుమ్ము తేలుతోంది. కుర్చీ మీద కూడా దుమ్ము, ఎవరూ కూర్చున్న జాడ లేదు.

ఆ కుర్చీలోంచి గొంతు వచ్చింది.

"ఏమయ్యా, నీ పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. లైన్లోకి రమ్మను."

పారిపోవాలి. ఎవరైనా పారిపోతారు. ఆయన కాళ్లు తలుపు వైపు తిరిగాయి కూడా. కానీ బయటికెళ్తే ఏముంది? కుళాయి చప్పుడు. ఆయన ఆపరేటరు పక్కనున్న విరిగిన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను..." అన్నాడు గాలిగా. అని ఆగిపోయాడు.

ఏ ఫోను చేసినా సరిగ్గా ఇక్కడే. హలో హలో అనేదీ, విసుక్కునేదీ, పెట్టేసేదీ ఇక్కడే. ఆయన కళ్లు మూసుకుని ఆ చప్పుడు కోసం ఎదురుచూశాడు.

"వినపడుతోంది" అంది ఆ గొంతు. "చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. జానెడు దూరంలో కూర్చున్న ఆపరేటరుకే ఒక్క ముక్కా అందలేదట, పెదవుల కదలికా, ఊపిరీ తప్ప. అంతంతమాత్రం చప్పుడు విని ఫోన్లో మనిషిని పోల్చుకోగల చెవులు ఆయనవి. ఆ చెవులకే అందలేదు. కాసేపటికి చేతిలో ఫోను దీపం కూడా ఆరిపోయి ఉంటుంది, ఆయన దాని సంగతి పట్టించుకోలేదు. తెల్లవారి ఊడ్చే ఆవిడ బకెట్టు చప్పుడు నడవాలో వినిపించేదాకా ఆ గుసగుస ఆగలేదట.

మరి అవతలివైపు? అవతల ఎవరైనా ఉన్నట్టు నీకు తెలిసిందా అని అడిగితే, ఆపరేటరు ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతాడు. ఆ రాత్రి ఆ గొంతు ఎవర్నీ తిట్టలేదట, ఒక్క మాటకీ అడ్డు రాలేదట. చీకట్లో, ఆ ఖాళీ కుర్చీలోంచి, రాత్రంతా ఉండుండి...

"ఊఁ..."

"ఊఁ... తర్వాత?"